సగము మందు, నిండు ముప్పు

కాజీపేటనుండి బల్లార్షాకు పోవు రైలు మార్గములో జమ్మికుంట ఒక స్టేషను. కార్తిక, మార్గశిర మాసములలో ఆ ఊరి పత్తి మార్కెట్టునకు పోయి చూచినచో, చుట్టుపట్ల గ్రామములనుండి వచ్చిన ట్రాక్టర్లును, ట్రాలీలును పత్తితో నిండి బారులు తీరి యుండును. ధర పలుకువరకు వేచియుండు రైతుల సంభాషణలో రెండే విషయములు: ఒకటి ధర, రెండవది పురుగు. “ఈ మందుకు పురుగు చస్తలేదు” అను మాట ఆ ఆవరణలో ఏదో యొక మూలనుండి వినబడుచునే యుండును. నేను పుట్టి పెరిగినది ఆ ప్రాంతముననే గనుక చిన్ననాటినుండి ఆ మాట నా చెవికి అలవాటే. అదే మాటను ఒక ఆసుపత్రి గదిలో, పత్తి పురుగును గూర్చి గాక, మనిషి దేహములోని ఒక వైరసును గూర్చి వినవలసి వచ్చునని మాత్రము ఎన్నడును తలపలేదు.

ఆ మాట అన్నవాడు నా బాల్యమిత్రుని తమ్ముడు. అతని పేరు చెప్పను. చెప్పవలసిన అవసరమును లేదు. అతడు మార్కెట్టులో ఒక అడ్తి దుకాణమున లెక్కలు వ్రాయువాడు. 34 ఏండ్ల వయసున అతని మూత్రపిండములు రెండును పనిచేయుట మానినవి. కొంతకాలము వారమునకు మూడు మారులు డయాలిసిస్ యంత్రమే ఆధారముగా జీవించెను. పిమ్మట హైదరాబాదులో వైద్యులు అతని తల్లి మూత్రపిండము నొకదానిని తీసి అతనికి అమర్చినారు. శస్త్రచికిత్స చక్కగా జరిగెను. మూడవ నెలలో అతడు మరల దుకాణమునకు వచ్చి లెక్కల పుస్తకము తెరచెను. ఊరివారు ఇంటికి వచ్చి ఆ తల్లికి చేతులెత్తి మ్రొక్కినారు.

అయిదవ నెలలో జ్వరము వచ్చెను. దానితోపాటు విరేచనములు, అన్నము సహింపకుండుట, అడుగు తీసి అడుగు వేయలేని నీరసము. వైద్యులు రక్తము పరీక్షించి, ఇది సైటోమెగాలో వైరసు అనిరి, మందు నిచ్చిరి, తగ్గెను. రెండు నెలలకు జ్వరము మరల వచ్చెను. మరల మందు, మరల ఉపశమనము. మూడవమారు వచ్చినపుడు మాత్రము మందు నిచ్చుచున్నను రక్తములోని వైరసు లెక్క తగ్గలేదు సరిగదా, పెరుగజొచ్చెను. నేను చూడబోయిన దినమున అతడు పడకమీదనుండియే నాతో అనెను: “అన్నా, మన పత్తి పురుగు లెక్కనే అయింది. మందుకు చస్తలేదు.”

నేను వైద్యుడను కాను. రేడియో ఉద్యోగిని. ఆ దినములలో వైద్యులు ఓపికతో చెప్పినదియు, ఆ పిమ్మట గ్రంథములు చూచి నేను తెలిసికొన్నదియు కలిపి ఈ పూట మీ ముందుంచుచున్నాను. ఏలన, ఇది ఒక్క ఇంటి కథ కాదు. మన దేశమున మూత్రపిండ మార్పిడి మొదటిసారి విజయవంతమైనది 1971లో, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. అవయవ మార్పిడికి సంబంధించిన కేంద్ర శాసనము 1994లో వచ్చినది. మరణించినవారి అవయవములను అవసరమైనవారికి చేర్చు ‘జీవన్‌దాన్’ కార్యక్రమము 2013లో హైదరాబాదు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ కేంద్రముగా ప్రారంభమైనది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమువలన, ఒకప్పుడు ధనవంతులకే సాధ్యమైన ఈ చికిత్స సామాన్య కుటుంబములకును అందుబాటులోనికి వచ్చినది. పరుల అవయవముతో బ్రదుకుచున్నవారు నేడు మన పల్లెలలోను, పట్టణములలోను మన ఇరుగుపొరుగున ఉన్నారు.

మన దేహము పరాయిదానిని సహింపదు. అది దాని స్వభావము. తల్లిదైనను సరే, అన్నదైనను సరే, కొత్తగా వచ్చిన మూత్రపిండమును శత్రువుగా నెంచి దేహములోని రక్షక కణములు దానిపై దాడి చేయును. 1954లో అమెరికాలోని బోస్టను నగరమున డాక్టరు జోసెఫ్ మరే మొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి చేసినపుడు దాత, గ్రహీత ఇరువురును ఒకే పోలికగల కవలలు. వారి దేహములకు స్వ, పర భేదము లేదు గనుక ఆ కార్యము ఫలించినది. కవలలు కానివారి మాట ఏమి? వారికొరకు దేహపు కావలివానిని కొంతవరకు నిద్రబుచ్చు మందు కావలసి వచ్చెను. అట్టి మందులలో మొదట ప్రసిద్ధికెక్కినది అజాథయోప్రిన్. దానిని రూపొందించినవారు జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అను శాస్త్రజ్ఞులు.

ఇక్కడ మన తెలుగువానిని ఒకనిని స్మరింపక ముందునకు పోజాలను. హిచింగ్స్ యువకుడుగా హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న దినములలో, భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అక్కడనే జీవరసాయన పరిశోధనలో నిమగ్నులై యుండిరి. కణమునకు అవసరమైన పదార్థమును పోలిన నకిలీ పదార్థమును అందించి, దాని పెరుగుదలను మోసముతో ఆపవచ్చునను భావమునకు ఉభయులును తమ తమ మార్గములలో రూపమిచ్చినారు. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ సంస్థలో తయారైన అమినాప్టెరిన్ అట్టి నకిలీ పదార్థమే. రక్తపు క్యాన్సరు గల పసిపిల్లలకు అది తాత్కాలికముగానైనను ఊరట కలిగించినది. అజాథయోప్రిన్ ఆ కోవలోనిదే. అదే సూత్రముతో ఎలియన్ ప్రయోగశాలనుండి 1977లో ఏసైక్లోవిర్ అను వైరసు మందు లోకమునకు వెల్లడైనది. మార్పిడికి తలుపు తెరచిన మందును, ఆ తలుపుగుండ దూరు వైరసును ఆపు మందును ఒకే ప్రయోగశాలనుండి వచ్చినవన్నమాట. హిచింగ్స్‌కును ఎలియన్‌కును 1988లో నోబెల్ బహుమానము లభించినది.

తలుపుగుండ దూరు వైరసు అంటిని. అది ఎట్లు? నేడు మూత్రపిండ గ్రహీతలు సాధారణముగా వాడు మందు టాక్రోలిమస్. అది జపాను దేశపు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి 1984లో కనుగొనబడినది. ఈ మందులు కొత్త మూత్రపిండముపై దాడిని అణచును. కాని కావలివాడు నిద్రించినపుడు చుట్టమే గాక దొంగయు లోనికి రాగలడు. మరియొక విశేషము. ఈ దొంగ వెలుపలినుండి రానవసరము లేదు. తరచుగా ఇంటిలోనే దాగియుండును.

సైటోమెగాలో వైరసు అట్టిదే. దానిని 1950ల నడుమ ముగ్గురు అమెరికను శాస్త్రజ్ఞులు వేరువేరుగా పట్టుకొనిరి. అది సోకిన కణము ఉబ్బి, నడుమ గుడ్లగూబ కన్నువంటి మచ్చతో సూక్ష్మదర్శినిలో కనబడును. మన దేశములో పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా బాల్యముననే ఈ వైరసు సోకి, తెలియకుండగనే పోవును. పోవును అనుట తప్పు, నిద్రించును. ఒకసారి ప్రవేశించినది జన్మాంతము దేహమున నుండును. ఆరోగ్యవంతునికి దానివలన బాధ లేదు. అవయవ గ్రహీతలో మాత్రము కావలి సడలినంతనే అది మేల్కొనును. ప్రేగులను, ఊపిరితిత్తులను, కంటిపొరను, చివరకు ఇతరులు దానమిచ్చిన ఆ మూత్రపిండమును సైతము బాధించును. దాత దేహమున వైరసు ఉండి, గ్రహీతకు అది ఎన్నడును సోకియుండనిచో ప్రమాదము మిక్కిలి ఎక్కువ. ఏలన గ్రహీత కణములకు దానితో పూర్వపరిచయము లేదు.

దీనికి మందు గాన్‌సైక్లోవిర్. ఇది ఏసైక్లోవిర్‌కు తోబుట్టువువంటిది; 1989లో అమెరికాలో అనుమతి పొందినది. మాత్ర రూపమున తీసికొనుటకు అనువైన వాల్‌గాన్‌సైక్లోవిర్ 2001లో వచ్చినది. ఇది పనిచేయు తీరు తెలిసినగాని మందు ఎందుకు లొంగించుకొనలేకపోవునో తెలియదు గనుక కొంచెము వివరించెదను. వైరసు తన సంతానమును పెంచుకొనుటకు జన్యుపదార్థమను గోడ కట్టుకొనవలెను. గాన్‌సైక్లోవిర్ ఆ గోడకు వాడు ఇటుకను పోలిన నకిలీ ఇటుక. కాని దేహమున ప్రవేశించునప్పటికి అది పచ్చి ఇటుక. అట్లే గోడలో ఇమడదు. వైరసు సోకిన కణములో, వైరసుకు చెందిన ఒక ఎంజైము దానిపై మొదటి ఫాస్ఫేటు ముద్ర వేయును. ఆపై కణపు ఎంజైములు మరి రెండు ముద్రలు వేయును. అప్పుడు వైరసు మేస్త్రి దానిని నిజమైన ఇటుక యనుకొని గోడలో పెట్టును, గోడ ఆగిపోవును. వైరసు తన చేతితోనే తన కీడును ముద్రవేసి తెచ్చుకొనునన్నమాట. సోకని కణములలో ఈ ముద్ర అంతగా పడదు గనుక వానికి హాని తక్కువ.

ఇంత చక్కని ఉపాయము ఎక్కడ బెడిసికొట్టును? వైరసు తన ప్రతులను వ్రాసికొనునపుడు అప్పుడప్పుడు అక్షరదోషములు దొర్లును. ఆ దోషమునే శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తన మందురు. మేల్కొనిన సైటోమెగాలో వైరసు సంఖ్య ఇంచుమించు ఒక్క దినములో రెట్టింపు కాగలదు. కోట్లకొలది ప్రతులలో ఎక్కడనో ఒక దోషము మొదటి ముద్రవేయు ఎంజైముమీద పడును. ఆ ఎంజైమును చేయించు జన్యువు పేరు యు.ఎల్. 97. అది మారిన వైరసు పచ్చి ఇటుకపై ముద్ర వేయదు. కావున నకిలీ ఇటుక గోడకు చేరదు. మందుకు లొంగని వైరసులలో అధిక భాగము మొదట ఇట్టి మార్పుతోనే పుట్టుచున్నవి. మరికొంతకాలమునకు మేస్త్రియే, అనగా యు.ఎల్. 54 అను జన్యువు చేయించు ఎంజైమే, మారి నకిలీని గుర్తించుట నేర్చును. అప్పుడు ఒక మందే గాక ఇతర మందులును పనికిరాకుండ పోవచ్చును.

ఇందు మనము గ్రహింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. మందు ఆ దోషమును పుట్టింపదు. దోషము దైవికముగా పుట్టును. దానిని ఏరి, పెంచి, పెద్దచేయునది మాత్రము మందు వాడు తీరు. మూడు స్థితులు ఊహించుకొనుడు. మందు బొత్తిగా లేనిచోట మారిన వైరసుకు ప్రత్యేకమైన లాభమేమియు లేదు. మారనివి దానితో సమానముగా పెరుగును. మందు నిండుగా ఉన్నచోట వైరసు పెరుగుటకే వీలు లేదు. పెరుగనిచో దోషము దొర్లు సందర్భములే తక్కువ. ఇక మందు సగము సగముగా ఉన్నచోట వైరసు పెరుగుచునే యుండును, మారనివి కొంత చచ్చుచుండును, మారినవానికి మైదానము ఖాళీ యగును. ఆ మూడవ స్థితియే అన్నిటికన్న చెడ్డది.

నా మిత్రుని తమ్ముడు ఆ మూడవ స్థితిలోనే చిక్కుకొనెను. రెండవ జ్వరము తగ్గిన పిమ్మట, వైద్యులు మాత్రలు మరికొన్ని నెలలు వాడుమనిరి. పత్తి సీజను, దుకాణము విడిచి హైదరాబాదు పోవుటకు వీలులేదు. ఆ మాత్ర జమ్మికుంట మందుల దుకాణములలో దొరకలేదు. ఉన్న మాత్రలు త్వరగా అయిపోవునని అతడు ఎవరికిని చెప్పక ఒక ఏర్పాటు చేసికొనెను. వైద్యుడు మెల్లగా అడుగగా, తల వంచుకొని చెప్పెను: “దినం ఇడిచి దినం ఏసుకున్న సార్. జరమైతే లేదు గదా, సగం గోలీలన్న మిగుల్తయి అనుకున్న.” ఆ మాటలో మోసము లేదు, పొదుపు ఉన్నది. మన ఇండ్లలో పొదుపు సుగుణము. కాని ఈ ఒక్క విషయమున అది వైరసుకు పెట్టుబడి యగును.

మరల మా పత్తి చేనికే వత్తును. 1987లో ఆంధ్రప్రదేశ్ పత్తి పొలములలో శనగపచ్చ పురుగు, అంతవరకు దానిని చంపుచుండిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగకుండ పోయెను. ఎన్ని మారులు చల్లినను చావలేదు. 1997, 98 సంవత్సరములలో ఓరుగల్లు ప్రాంతమున పత్తి దెబ్బతిని ఎందరో రైతులు ప్రాణములు తీసికొన్నారు. ఆ విషాదమునకు గల అనేక కారణములలో చావని పురుగు ఒకటి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చెను. పదిహేనేండ్లు నిండకమునుపే గులాబీరంగు పురుగు దానికిని అలవాటుపడెను. చేను చుట్టును బీటీ కాని పత్తి సాళ్లు కొన్ని వేయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పినను చాలమంది వేయలేదు. పురుగు తెలివిగలది కాదు, వైరసు అంతకన్నను కాదు. రెండింటియందును జరిగినది ఒకటే: మిగిలినదే విత్తనమైనది.

అయినను ఈ పోలికను మితిమీరి సాగదీయరాదు. చేని పురుగు పొరుగు చేనికి పోవును. అవయవ గ్రహీతలో మందుకు లొంగని వైరసు సాధారణముగా అతని దేహముననే పుట్టినది. ఇతరులనుండి వచ్చినది కాదు. కావున అట్టివానిని చూచి ఇరుగుపొరుగువారు భయపడి దూరముగా తొలగనక్కరలేదు. ఒకే ఇంటివారు గిన్నెలు, కంచములు వేరుచేయనక్కరలేదు. రెండవ భేదము: రైతు మందు పనిచేయనిచో మోతాదు పెంచి చూచును. రోగి అట్లు చేయరాదు. గాన్‌సైక్లోవిర్ ఎక్కువైనచో ఎముకమూలుగ దెబ్బతిని తెల్లరక్తకణములు పడిపోవును. మూత్రపిండము పనిచేయు మేరనుబట్టి వైద్యుడు మోతాదు నిర్ణయించును. అందుచేత ఒకనికి దినమునకు రెండు మాత్రలు నిండు మోతాదు కాగా, మరియొకనికి దినము విడిచి దినము ఒక మాత్రయే నిండు మోతాదు కావచ్చును. నిండు అనునది మాత్రల లెక్క కాదు. ఆ దేహమునకు తగిన కొలత. ఆ కొలత తేల్చవలసినది వైద్యుడు, రోగి కాదు.

జ్వరము తగ్గనంతమాత్రమున వైరసు మందుకు లొంగనిదని నిర్ణయింపరాదు. వైద్యులు మొదట అడుగునవి వేరు: మాత్రలు సరిగా పడుచున్నవా? విరేచనములచేత ఒంటికి పట్టకుండ పోవుచున్నదా? కావలిని నిద్రబుచ్చు మందులు అవసరమునకు మించి ఉన్నవా? చికిత్స మొదలైన తొలి దినములలో రక్తమున వైరసు లెక్క కొంత పెరుగుటయు కలదు. సరియైన మోతాదులో కనీసము రెండు వారములు మందు పడిన పిమ్మటకూడ లెక్క తగ్గనిచో అప్పుడు అనుమానము గట్టిపడును. అట్టి సమయమున రక్తమునుండి వైరసు జన్యువును తీసి, యు.ఎల్. 97, యు.ఎల్. 54 జన్యువుల అక్షరములను చదివించెదరు. ఏ అక్షరము మారినదో తెలిసినచో ఏ మందు మిగిలియున్నదో తెలియును. మా వాని పరీక్షలో యు.ఎల్. 97 జన్యువున మార్పు కనబడెను.

మిగిలిన మందు ఫాస్కార్నెట్. దానికి వైరసు ముద్రతో పనిలేదు. నేరుగా మేస్త్రిచేతిని పట్టుకొనును. కాని దానికి ఒక శాపమున్నది: అది మూత్రపిండమునకే హాని చేయును. తల్లి ఇచ్చిన మూత్రపిండమును కాపాడుటకు, ఆ మూత్రపిండమునే గాయపరచగల మందు ఎక్కింపవలెను! ఆ దినమున సంతకము పెట్టవలసిన కాగితము ముందుంచుకొని అన్నదమ్ములిద్దరును చాలసేపు మాటలేక కూర్చుండిరి. మూడు వారములు సెలైనుతోపాటు ఆ మందు ఎక్కించిరి. దినదినము రక్తము పరీక్షించిరి. కావలిని అణచు మందులను జాగ్రత్తగా తగ్గించిరి. వైరసు అణగెను. మూత్రపిండము నిలిచెను గాని మునుపటి బలము దానికి రాలేదు. ఆ నష్టము తిరిగివచ్చునది కాదు.

విజ్ఞానము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2021 నవంబరులో అమెరికాలో మారిబావిర్ అను మాత్రకు అనుమతి లభించినది. ఇది యు.ఎల్. 97 ఎంజైమునే నేరుగా అడ్డగించును. పూర్వపు మందులకు తగ్గని వైరసు గల 352 మంది గ్రహీతలలో దీనిని పరీక్షించినపుడు, 8 వారములకు రక్తమున వైరసు అణగినవారు మారిబావిర్ తీసికొన్నవారిలో నూటికి 56 మంది, పాత మందులు తీసికొన్నవారిలో నూటికి 24 మంది. అయితే ఇది ముద్రవేయు ఎంజైమును ఆపును గనుక గాన్‌సైక్లోవిర్‌తో కలిపి ఇచ్చినచో దాని పనిని ఇదే చెడగొట్టును. లెటర్మోవిర్ అను మరియొక మందు, వైరసు రాకుండ ముందుగా వాడుటకు ఉపకరించుచున్నది. ఈ కొత్త మందులకును లొంగని వైరసులు అప్పుడే కనబడినవి. కొత్త మందు వచ్చెను గదా యని పాత క్రమశిక్షణ సడలింపరాదని దీని అర్థము.

ఈ నీతి ఒక్క సైటోమెగాలో వైరసుకే పరిమితము కాదు. పెదవులమీద, నోటిలో మాటిమాటికి పుండ్లు లేపు హెర్పిస్ వైరసు ఏసైక్లోవిర్‌కు లొంగకపోవుట ఆరోగ్యవంతులలో నూటికి ఒకరికన్న తక్కువ. రోగనిరోధకశక్తి తగ్గినవారిలో నూటికి సుమారు 5. కాలేయ గ్రహీతలను వేధించు హెపటైటిస్ బి వైరసు, లామివుడిన్ అను మందు ఒక్కదానినే వాడినచో అయిదేండ్లలో నూటికి 70 మందిలో లొంగకుండ పోయెను. నేడు ఎంటెకావిర్, టెనోఫోవిర్ వాడుకలోనికి వచ్చి ఆ బాధ చాల తగ్గినది. ఆ వైరసుకు టీకా ఉన్నది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దానిని దేశీయముగా తయారుచేసి ధర దించినది. మార్పిడికి ముందే వేయింపదగిన టీకాలన్నియు వేయించుట మందుకన్న ముందటి మందు.

ధర మాట వచ్చినది గనుక ఒక సంగతి. వాల్‌గాన్‌సైక్లోవిర్‌కు మన దేశమున 2007లో ఒక విదేశీ సంస్థకు పేటెంటు ఇచ్చినారు. రోగుల సంఘములును, దేశీయ ఔషధ సంస్థలును అభ్యంతరము చెప్పగా 2010లో చెన్నై పేటెంటు కార్యాలయము దానిని రద్దుచేసినది. ఆ వివాదము న్యాయవాదులదిగా పైకి కనబడును గాని, దాని ఫలితము ఒక గుమాస్తా జేబులో తేలును. ధర ఎక్కువైనచోట మాత్రలు దినము విడిచి దినము పడును. మందు దొరకనిచోట అసలే పడవు. లొంగని వైరసు కొంత దేహములో పుట్టును, కొంత అంగడిలో పుట్టును. కావున శస్త్రచికిత్సకు తోడ్పడినంత శ్రద్ధతో, ఆపై నెలనెలకు మందు జిల్లా కేంద్రమునందైనను దొరకునట్లు చూచుట ప్రభుత్వమునకును, సమాజమునకును కర్తవ్యము.

అట్టి రోగి ఇంట నున్నవారు చేయగలిగినది కూడ కలదు. మందు అయిపోవుటకు పది దినములు ముందే తెప్పించుకొనవలెను. ఒక పూట తప్పినచో దాచక వైద్యునితో చెప్పవలెను. చెప్పినవానిని ఇంటివారు కసరరాదు, ఏలన కసరినచోట నిజము దాగును. వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రను విరువరాదు, పొడిచేయరాదు. అది అంటుటయే మంచిది కాదు, గర్భిణీలకు మరియును. జ్వరము వచ్చినచో ఊరి ఆర్.ఎం.పి.వద్ద సూది వేయించుకొని సరిపెట్టుకొనరాదు. కొన్ని సాధారణపు మందులు సైతము టాక్రోలిమస్‌తో కలిసి దాని పాలును హెచ్చించుటయో తగ్గించుటయో చేయును. అవయవ గ్రహీతకు మామూలు జ్వరమనునది లేదు. అన్నిటికన్న ముఖ్యము: ఒళ్లు తేలికపడినదని మందు తగ్గించుకొనరాదు. వైరసు అణగుటకును, మనకు సుఖముగా తోచుటకును నడుమ చాల దూరమున్నది.

మొన్న మార్గశిరమున జమ్మికుంట పోయినపుడు అతనిని చూచితిని. దుకాణమునకు అరపూట పోవుచున్నాడు. ఇంటి గోడమీద తెలుగు క్యాలెండరు. ప్రతి తేదీక్రింద పెన్సిలుతో రెండు గీతలు, ఉదయమునకొకటి, రాత్రికొకటి. ఆ గీతలు గీయునది తల్లి. చదువు రాదు గాని లెక్క తప్పదు. నేనున్నపుడే ఆమె మంచినీళ్ల చెంబు, మాత్రలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టి, అతడు మ్రింగువరకు నిలిచి యుండెను. పిమ్మట గీత గీసి అనెను: “నేనిచ్చింది నీ పానంలనే ఉన్నది బిడ్డా. దాన్ని సగం సగం జేయకు.”

మార్కెట్టునుండి అప్పుడే వేలము గంట వినబడెను. అతడు చెప్పులు తొడుగుకొని లెక్కలు వ్రాయుటకు బయలుదేరెను.